అన్న మీటింగులో సుందరం సారు విమానం

జమ్మలమడుగు మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పే సుందరం సారుకు, అక్కడ వర్గం నడిపే లీడరు నారాయణన్న మనుషులంటే ఒళ్ళుమంట. అన్న నవ్వితే ఎందుకో తెలియకపోయినా పళ్ళికిలిస్తారు, అన్న దగ్గితే వీళ్ళు గొంతు సవరించుకుంటారు. అన్న ఎదురుగ్గా ఉంటే సచ్చినా వీపు చూపరు. ఎవరన్నా చూపితే, వాడు పక్క వర్గంలో చేరినట్టే లెక్క. "థూ, ఏం బతుకులప్పా ఇవి!" అనేవాడు సారు, ఇంట్లో కూచోని.

అట్లాంటి సారే, వాళ్ళు అడిగినారని రెండేండ్ల కిందట ప్రొద్దుటూరులో అన్న మీటింగులో రిమోటు విమానం ఎగరేసినాడు. అది కొత్తగా నేర్చుకునేవాళ్ళది, శానా సాధువు. రిమోటు మీద చేతులు తీసేసినా తనంతట తానే సదురుకుంటాది. అందుకే స్టేజీ పక్క మొగం పెట్టి, అప్పుడప్పుడు మెడ తిప్పి చూసుకుంటా నెట్టుకొచ్చినాడు. జనం ఈలలేసినారు.

ఈలలు తలకెక్కితే ఊరుకుంటాడా? "అదేం విమానం, బర్రెగొడ్డు మాదిరి పోతాది" అని, రెండు ఎండాకాలం సెలవులు వరండాలో గొంతుక్కూచోని పల్టీలు కొట్టే విమానం చేసినాడు. పెన్న ఇసుకలో సాధన చేసినాడు. ఇది ఎట్ల వంచితే అట్లే పోతాది, తలకిందులు చేస్తే తలకిందులుగానే పోతాది. చూపు పక్కకు పోయిందా, మట్టి కరిచినట్టే. దాన్ని పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకునేవాడు.

"దాన్ని ఈసారి అన్న మీటింగుకు తీసకపోవద్దు. వాళ్ళతో నీకేంది?" అనింది భార్య దేవకుమారి.

"నేనేమన్నా వాళ్ళ మనిషినా? అంతమంది జనం ఇంగ యాడ దొరుకుతారే?"

ఆహా, ఎవరి మనిషీ కాడంట!

మీటింగు రోజు సారు స్టేజీకి వీపు పెట్టి, మైదానం పక్క తిరిగి నిలబడినాడు. విమానం లేచింది, గిర్రున పల్టీ కొట్టింది. జనం నోరు తెరిచినారు. సారు దాన్ని తలకిందులు చేసి, అవతల ఖాళీ చేని మీద నేలకు దగ్గరగా పోనిచ్చినాడు.

అప్పుడు అన్న కుడిభుజం ఓబులయ్య స్టేజీ మీద నుంచి అన్నాడు: "ఏం సారూ, అన్నకు వీపు చూపిస్తాండావే?"

గట్టిగా కూడా అనలేదు, చెయ్యీ వెయ్యలేదు. "ఒక్క నిమిషమప్పా, దించుతా" అంటే పోయేది. సారు కాళ్ళేమో ఎవరూ తిప్పకుండానే తిరిగినాయి. మొగమంతా నవ్వు పులుముకోని అన్న ఎదురుగ్గా నిలబడినాడు, రిమోటు గుండెలకు ఆనించుకోని.

వెనక చేలో ఫట్‌మనింది.

నారాయణన్న నవ్వినాడు. "పోనీలే, మర్యాద తెలిసిన సారు" అని మెళ్ళో దండ తీసి పిలిచినాడు. సారు స్టేజీ ఎక్కి తల వంచినాడు.

విమానం ముక్కలు ఏరుకోవాలంటే ఆ చేలోకి పోవాల. పోవాలంటే స్టేజీకి వీపు పెట్టాల. సారు దండతోనే, చేతులు జోడించుకోని, వెనక్కి వెనక్కి నడుచుకుంటా పోయినాడు.