మూడో విస్తరి

ఆ ఇంట్లో మనుషులు నలుగురు, విస్తళ్ళు రెండు. ఒకటి మావ సూరయ్యకి, ఒకటి పెనిమిటి నరసింగరావుకి. సూరయ్య తిని లేచిన ఆకులో అత్త లక్ష్మీనరసమ్మ కూర్చుంటుంది, నరసింగరావు లేచిన ఆకులో పద్మకుమారి. కొండ నుంచి వచ్చిన అడ్డాకులకు నీళ్ళు చల్లి, మెత్తబడ్డాక పుల్లలు గుచ్చి విస్తళ్ళు కుట్టేది మాత్రం పద్మకుమారే. ఏడేళ్ళుగా కుడుతోంది. తనకంటూ ఒకటి కుట్టుకోవాలని ఒక్కనాడూ తోచలేదంటే నమ్ముతారా? తోచలేదు మరి. మొగుడికి మనసు బాగుంటే ఆకులో కాస్త కూర మిగిలేది, లేకపోతే ఆరిపోయిన పులుసు మరకల మీద చల్లారిన అన్నం పెట్టుకునేది.

ఆవేళ పొద్దున్న మాత్రం మూడు కుట్టింది. మూడోది ఎందుకు కుట్టిందో తనకే తెలియలేదు. దాన్ని చూరులో దోపి మీటింగుకి తయారైంది.

మీటింగంటే ఆమె సిలోను వెళ్ళొచ్చిన కబుర్లు చెప్పే మీటింగే. అక్కడ జరిగిన అంతర్జాతీయ యువజన సదస్సుకి నిజానికి నరసింగరావు తనే వెళ్ళాలనుకున్నాడు. ఊళ్ళో యువజన సంఘం అధ్యక్షుడాయె. ఈ పంచాయతీ సమితి నుంచి జట్టులోకి ఒక్కరే, అదీ ఆడమనిషే ఉండి తీరాలని పైనుంచి రాశారు. స్కూలు ఫైనలు దాకా చదివిన కోడలు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ దొరకలేదు. "నా పెళ్ళాం ఎల్తే నాను ఎల్లినట్టే గదా" అని పదిమందికీ చెప్పుకుని, కోటబొమ్మాళి స్టేషన్లో ఆమెను రైలెక్కించాడు.

తిరిగొచ్చాక సమితి ఆఫీసరు గణపతిరావుగారు, "గ్రామసేవిక ట్రైనింగుకి నీ పేరు పంపిస్తానమ్మా. మీ ఆయన సంతకం పెట్టిన కాగితం ఒక్కటి తీసుకురా చాలు" అన్నారు. ఏడాది ట్రైనింగు, ఆ పైన ఉద్యోగం. ఆ మాట విన్నప్పటి నుంచి పద్మకుమారికి వేరే ధ్యాస లేదు. పాలు పొంగిపోతున్నా ఆ కాగితమే, పేడ కళ్ళాపి చల్లుతున్నా ఆ కాగితమే. నరసింగరావు సంతకం పెట్టి జేబులో దాచుకున్నాడు. "ముందు మీటింగులో నా పరువు నిలబెట్టు, తరవాత ఇస్తాను" అన్నాడు. ఆమె చదవాల్సిన ఉపన్యాసం కూడా నాలుగు ఠావుల నిండా తనే రాశాడు.

బడి వరండాలో ఊరి ఆడవాళ్ళంతా కూర్చున్నారు. మగవాళ్ళు కుర్చీల్లో ఉన్నారు. పద్మకుమారి మొదటి ఠావు చదివింది. పరదేశాలెన్ని తిరిగినా స్త్రీకి సంసారమే స్వర్గమని రెండో ఠావులో ఉంది. అక్కడికి వచ్చేసరికి, భావనపాడు నుంచి చేపలమ్ముకోడానికి వచ్చి, గంప పక్కన దించుకుని కూర్చున్న దాలమ్మ గట్టిగా అడిగింది.

"అదంతా బాగుంది గాని తల్లీ, ఆ దేశంలో ఆడోల్లు ఎప్పుడు తింతారు?"

పద్మకుమారి చేతిలో కాగితాలు మడిచేసింది.

"మొదటినాడు నాను తిననేదమ్మా" అంది.

సిలోనులో ఆ మధ్యాహ్నం భోజనాల హాల్లో అందరూ కూర్చుంటే ఆమె గోడవార నిలబడింది. మగవాళ్ళు లేస్తారని చూసింది. లేచారు. అప్పుడు ఎవరి కంచంలో కూర్చోవాలో తెలియక ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వెతుక్కుంది. అది వెతకడమని కూడా ఆమెకి తెలియదు, కాళ్ళే తిప్పాయి. ఈలోగా కంచాలు తీసేశారు, తలుపులు మూసేశారు. మెట్ల మీద కూర్చుంటే, మలేషియా నుంచి వచ్చిన నర్సు ఒకామె పక్కన కూర్చుని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది: "ఎవరి కోసం ఆగావు?" పద్మకుమారికి అలాగే ఆగి ఆగి తిన్న అమ్మ గుర్తొచ్చింది, అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆ మెట్ల మీదే ఏడ్చేసింది.

ఇదంతా చెబుతుంటే వరండాలో మొదట నవ్వులు వినబడ్డాయి. తర్వాత అవి ఆగిపోయాయి. దాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మరి మర్నాడు తిన్నావేటి?"

"తిన్నాను. అందరితో పాటు కూకుని తిన్నాను. కూర రెండుసార్లు అడిగి ఏయించుకున్నాను."

కుర్చీలో నరసింగరావు తల దించుకున్నాడు. పక్కనున్నాయన అతని భుజం తట్టి ఏదో అని నవ్వడం పద్మకుమారికి కనబడింది.

ఇంటికి రాగానే నరసింగరావు జేబులోంచి కాగితం తీశాడు. "మనింటి ఆకు సంగతి ఊరందరి ముందూ ఎట్టీసినావు. నీకు కూడెట్టనేదనుకోరేటి జనం?"

"నిన్నేటీ అననేదు బావా. నాకు జరిగింది సెప్పినాను. ఆ కాగితం..."

"సంతకం నాది, నా ఇష్టం" అని నాలుగు ముక్కలు చేసి అన్నం ఉడుకుతున్న పొయ్యిలో పడేశాడు. అది కాలడానికి ఎంతసేపు కావాలి. పద్మకుమారి పొయ్యి ముందు చతికిలబడింది. ఏడాది బతుకు, ఆ తర్వాతి బతుకు, అన్నీ ఆ గుప్పెడు బూడిదలో పోయాయి. కడుపులోంచి తన్నుకొచ్చిన ఏడుపుని కొంగు నోట్లో కుక్కుకుని ఆపుకుంది.

"వడ్డించు" అన్నాడు నరసింగరావు, పీట మీద కూర్చుని.

లేచింది. రెండు విస్తళ్ళు వేసింది. తర్వాత చూరులోంచి మూడోది లాగి, అతని ఎదురుగా వేసి నీళ్ళు చల్లింది.

"ఏటే అది? ఎవులొస్తన్నారు?" అంది లక్ష్మీనరసమ్మ.

"ఎవులూ రారత్తా. నాను తింతాను."

సూరయ్య తలెత్తలేదు. నరసింగరావు ఆ ఆకు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. ముద్ద ముట్టకుండానే లేచి బయటికి వెళ్ళిపోయాడు.

"ఆడు తిననేదు గదే. నీకు ముద్దెలా దిగుతాదే?" అంది అత్త. ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినబడింది.

పద్మకుమారి వేడన్నం వడ్డించుకుంది. కన్నీళ్ళు ఆకులో పడుతుంటే అన్నంలో వేళ్ళు పెట్టింది. ఆ ఇంట్లో గంజి వారుస్తూ ఆమె చేతులు ఎన్నిసార్లు కాలాయో. తినబోతూ వేళ్ళు కాలడం మాత్రం ఏడేళ్ళలో అదే మొదటిసారి. చెయ్యి వెనక్కి తియ్యలేదు.