నూనె రాయని మట్టి

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మరిది ఒక అగ్గిపెట్టె తెచ్చి వదిన బల్ల మీద పెట్టాడు. అందులో పుల్లల బదులు ఆకుపచ్చ మట్టి ముక్క ఉంది. పిల్లలు బొమ్మలు చేసుకునే మట్టి. బ్లేడుతో నిలువునా కోసి ఉంది.

"రెండు పాయింట్ ఆరు. కావాలంటే నువ్వే కొలుచుకో వదినా. షాఫ్టు పెట్టేయొచ్చు."

వదిన ఇంజన్లు కడుతుంది. ఇంటిని ఆనుకుని ఉన్న షెడ్డే ఆమె వర్క్‌షాపు. రేసు ట్రాకు దగ్గర ఆమెను అందరూ అర మిల్లీ అంటారు. అర మిల్లీమీటరు తేడా ఉన్న భాగాన్ని ఆమె ఇంజన్లోకి పోనివ్వదు. మరిది వారంలో ఆరు రోజులు లిఫ్టులు బాగుచేస్తాడు, ఏడో రోజు మోటారుసైకిలు మీద ట్రాకులో ఉంటాడు. ఈ ఆదివారం తొమ్మిదింటికి అక్కడ ఎంపిక. మనిషికి మూడు చుట్లు ఇస్తారు. ఒక్క చుట్టయినా నిమిషం పద్దెనిమిది సెకన్లలోపు తిరిగినవాళ్లకు జట్టులో చోటు. మరిది ఇప్పటిదాకా నిమిషం పంతొమ్మిది కంటే తగ్గలేదు. వచ్చే నెలకు అతనికి ముప్పై నిండుతాయి. ముప్పై నిండినవాళ్లను కొత్తగా తీసుకోరు.

ఆ సెకను ఇంజన్లోనే పోతోందని అతని నమ్మకం. ట్రాకులో పొడుగు దారి చివర, నాలుగో గేరులో, బండి ఊపిరి అందనట్టు తడబడుతోంది. అందుకని రేసు కామ్‌షాఫ్టు తెప్పించాడు. వాల్వులను నొక్కి తెరిచే కడ్డీ అది. రేసుదైతే వాటిని ఇంకాస్త లోతుకు దింపుతుంది, ఇంజన్లోకి గాలి ఎక్కువ పోతుంది. అయితే దిగిన వాల్వు, పైకొచ్చే పిస్టన్‌కు తగలకూడదు. తగిలితే వాల్వు వంగుతుంది, బండి అక్కడే ఆగుతుంది. ఆ సందు బయటికి కనబడదు కాబట్టి పిస్టన్ మీద మట్టి పరిచి, పైన మూతలా ఉండే హెడ్డు బిగించి, ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పుతారు. మళ్లీ విప్పి, వాల్వు నొక్కినచోట మట్టి మందం కొలుస్తారు. రెండు మిల్లీమీటర్లయినా ఉండాలి. వదిన చేస్తుంటే చాలాసార్లు చూసిన మరిది, ఈసారి తన గదిలో తనే చేశాడు.

వదిన ముక్కను కొలవలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అంచు చూసింది.

"నూనె రాశావా?"

"రాశాగా. షాఫ్టుకి."

"మట్టికి?"

మరిది ముక్క మీదికి వంగి చూశాడు. ఆమె గోటితో అంచు చూపించింది. నొక్కుడు పడాల్సిన చోట మట్టి పైకి సాగి చిరిగింది. నూనె లేకపోతే మట్టి వాల్వుకు అంటుకుంటుంది. వాల్వు వెనక్కి వెళ్తూ దాన్ని లాక్కుపోతుంది, పల్చబడ్డ చోటే మందంగా తేలుతుంది.

అంతలో అత్తగారు గుమ్మంలోకి వచ్చి అగ్గిపెట్టెలోకి తొంగి చూసింది.

"ఒరేయ్, అది పిల్ల చేసిన చిలక తోకరా. నిన్నటి నుంచి ఇల్లంతా వెతుకుతోంది."

కొత్త మట్టి పెట్టె కొనిస్తానని వదిన కూతురికి బాబాయి మాటిచ్చాక, అతని గదిలోని ఇంజన్‌తో పాటు చిలకలో మిగిలింది కూడా షెడ్డుకు వచ్చింది. ఈసారి వదిన మట్టికీ వాల్వులకూ నూనె రాసి, హెడ్డు బిగించి, తిప్పి, విప్పి, కోసింది. ఒకటి పాయింట్ ఒకటి. మళ్లీ మొదటి నుంచి చేసింది. అదే వచ్చింది.

పిస్టన్ మీద వాల్వు దిగేచోట గుంట లోతు చేయిస్తే ఆ షాఫ్టు పడుతుంది. లేత్ పనివాడికి ఫోన్ చేస్తే మంగళవారం దాకా కుదరదన్నాడు. మరిది అన్నకు ఫోన్ చేశాడు. అన్న లారీ తోలుతూ ఎక్కడో ఉన్నాడు. తన లారీ బ్రేకులే ఆవిడని అడక్కుండా ముట్టుకోననీ, ఈ తగువులోకి తనను లాగొద్దనీ చెప్పి పెట్టేశాడు.

"మూడు చుట్లే కదా వదినా. తిరగ్గానే విప్పేస్తా."

"నువ్వు విప్పక్కర్లేదు. మొదటి చుట్లో అదే విప్పుకుంటుంది."

మరిది బల్ల అంచు మీద కూర్చుని చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఇంకో ఏడాది లేదు నాకు, అన్నాడు. వదిన విప్పిన హెడ్డును తిప్పి చూసింది. తర్వాత, వాల్వు స్ప్రింగులు ఎప్పుడు మార్చావని అడిగింది. రెండేళ్లలో అతను సైలెన్సరు మార్చాడు, కార్బురేటరు మార్చాడు, చెయిను మూడుసార్లు మార్చాడు. స్ప్రింగులు మార్చలేదు. విరగలేదుగా అన్నాడు.

శనివారం పొద్దున వదిన అత్తగారి బరువు చూసుకునే మిషను తెచ్చి డ్రిల్లింగ్ యంత్రం కింద పెట్టింది. స్ప్రింగును దానిమీద నిలబెట్టి, ఇంజన్లో ఎంత పొట్టిగా కూర్చుంటుందో అంతవరకు నొక్కింది. ముప్పై రెండు కిలోలు తూగాలి. ఒకటి ఇరవై ఆరు తూగింది, రెండోది ఇరవై ఐదు. చేవ తగ్గిన స్ప్రింగు వాల్వును వేళకు మూయలేదు. వేగం పెరిగేకొద్దీ వాల్వు తెరుచుకునే ఉండిపోతుంది. నాలుగో గేరు చివర పోయే ఊపిరి అదే.

"ఆ మిషను మాట నమ్మకు అమ్మాయ్," అంది అత్తగారు. "పొద్దున నేను రెండు కిలోలు తగ్గానంది. స్ప్రింగులకీ అలాగే తగ్గించి చెబుతోందేమో."

సందేహం న్యాయమైనదే. వదిన బీరువాలోంచి కొత్త స్ప్రింగుల జత తీసి ఒక్కొక్కటే నొక్కింది. రెండూ ముప్పై రెండు.

"మిషను సరిగ్గానే ఉంది అత్తయ్యా. మీరు నిజంగానే తగ్గారు."

పాత షాఫ్టు, కొత్త స్ప్రింగులు, హెడ్డు కింద కొత్త గాస్కెట్. బోల్టులు వదిన బిగించింది, వాల్వులకూ షాఫ్టుకూ మధ్య సందులు మరిది చేత పెట్టించి తను సరిచూసింది. రేసు షాఫ్టుకు నూనె పట్టించి, గుడ్డ చుట్టి, పై అరలో పెట్టింది. మరిది దానివైపు రెండుసార్లు చూశాడు, అడగలేదు.

ఆదివారం వదిన గడియారం ఉన్న వైపు నిలబడలేదు. పొడుగు దారి చివర కంచె పక్కన నిలబడింది. మొదటి చుట్టులో బండి ఆమెను దాటేటప్పుడు నాలుగో గేరు శబ్దం ఎక్కడా తడబడలేదు. మరిది మాత్రం అలవాటుకొద్దీ ముందే గేరు మార్చేశాడు. నిమిషం పద్దెనిమిది పాయింట్ నాలుగు. రెండో చుట్టులో మార్చకుండా లాగాడు. ఆ శబ్దం విని ఆమె కంచె వదిలి, షెడ్డు తాళాలు చేతిలోకి తీసుకుని, బండిని ఎక్కించుకొచ్చిన వ్యాను వైపు నడిచింది. మైకులో సమయం చదివేసరికి సగం దూరంలో ఉంది. నిమిషం పదిహేడు పాయింట్ ఏడు.

సోమవారం మరిది రెండు మట్టి పెట్టెలు తెచ్చాడు. ఒకటి పిల్లకిచ్చాడు. రెండోది షెడ్డు బల్ల మీద పెట్టి, పై అరవైపు చూసి, పిస్టన్ రేపు లేత్‌కు ఇస్తాననీ, అక్కడినుంచి వచ్చాక కొలత మాత్రం తనే తీస్తాననీ చెప్పాడు.

వదిన నూనె డబ్బా తీసి ఆ పెట్టె పక్కన పెట్టింది.