రెడ్డెమ్మ మెడలో గ్లాసు

నేను ఒక గాజు గ్లాసుని. గ్లాసు అనగానే మీకు కాఫీ హోటల్లో గలగలమనే స్టీలు గ్లాసో, సోడా బండి మీద ఉండే లావుపాటి గాజు గ్లాసో గుర్తొస్తే తప్పు మీది కాదు. మేమంతా ఒక జాతే గానీ నా పద్ధతి వేరు. నాకు సన్నటి కాలు ఒక్కటే. దాని కింద గుండ్రటి పాదం, పైన పెద్ద పొట్ట, ఆ పైన కాస్త లోపలికి ముడుచుకున్న మూతి. ఇంత పొట్ట వేసుకుని నేను మోసేది రెండు గుక్కల వైను. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీ వాసన నిలవడానికట! కూర్చోవడానికి చోటు లేని ఊళ్ళల్లో ఉంటూ, వాసనకు ఇంత విశాలమైన గది కట్టిపెట్టడం మనుషులకే చెల్లింది.

పుట్టింది ఫిరోజాబాద్‌లో. ఇసుకగా ఉన్నప్పటి సంగతులు నాకు గుర్తు లేవు. నా మొదటి జ్ఞాపకం ఊపిరి. ఒక ముసలాయన పొడవాటి గొట్టం చివర నన్ను ఎర్రటి ముద్దగా అంటించుకుని, బుగ్గలు పూరించి ఊదాడు. ఆయన ఊపిరి ఎంతవరకూ వచ్చిందో అంతవరకూ నేనయ్యాను. ఇప్పటికీ అది తలచుకుంటే నాకు ఆశ్చర్యమే. మనిషి వద్దనుకుని బయటికి వదిలేసే గాలితో ఒక ఆకారం తయారవడం మాటలా? ఆయన మాత్రం ఇదేమీ పట్టనట్టు నన్ను పక్కన పెట్టి, దగ్గుకుంటూ ఇంకో ముద్ద తీసుకున్నాడు.

అక్కణ్ణుంచి బెంగళూరు వచ్చాను. ఒక పెద్ద హోటల్లో రెండేళ్ళు పనిచేశాను. మనుషుల్ని నేను పెదవుల బట్టి గుర్తుపడతాను. నమ్మకం లేనివాళ్ళు అంచు మీద పెదవి ఆనించీ ఆనించనట్టు ఆనిస్తారు. తెలిసినట్టు నటించేవాళ్ళు ముందు నన్ను గిరగిరా తిప్పుతారు, దీపానికి ఎదురుగా పెట్టి కన్ను చికిలిస్తారు, తరవాత పక్కవాడు ఏమంటాడో విని అదే అంటారు. హోటలువాళ్ళు కొత్త సామాను కొన్నప్పుడు మా బృందాన్నంతా ఒక యాత్రల కంపెనీకి ఇచ్చేశారు. శనివారం పొద్దున బెంగళూరులో జనాన్ని బస్సెక్కించుకుని, నంది కొండల వైపు ద్రాక్షతోటలు, వైను తయారుచేసే చోటు చూపించి, సాయంత్రానికి తిరిగి దింపడం వాళ్ళ పని. అక్కడ నాకు గుడ్డ సంచీ ఒకటి కుట్టించారు. దానికి పొడవాటి తాడు. వచ్చినవాళ్ళ మెడలో మమ్మల్ని తగిలిస్తారు. యాత్ర అయ్యాక ఎవరి గ్లాసు వాళ్ళది, ఇంటికి పట్టుకుపోవచ్చు.

అలా మార్చి నెలాఖరు శనివారం నేను రెడ్డెమ్మ మెడలో పడ్డాను.

గైడు పేరు గిరీశ. చిక్కబళ్ళాపురం కుర్రాడు, ఇంట్లో తెలుగు, బయట కన్నడం. అతను తాడు పట్టుకుని వస్తుంటే రెడ్డెమ్మ తల వెనక్కి తీసుకుంది.

"మెడలో ఉండేవి చాలు నాయనా, మళ్ళా ఇదొకటా?"

"ఈ పొద్దుకు మాత్రమే అమ్మా. అందరికీ ఇదే తాళి," అన్నాడు గిరీశ. బస్సంతా నవ్వింది. ఆమె కోడలు ప్రమీల మాత్రం నవ్వలేదు, అత్త ముఖం వైపే చూస్తోంది.

మదనపల్లె నుంచి వచ్చి బెంగళూరులో ఇరవై ఆరేళ్ళుగా ఊరగాయలు పెడుతున్న మనిషి రెడ్డెమ్మ. ఆమె జాడీ మీద చెయ్యి ఇలా విసిరి, వచ్చిన గాలిని బట్టి ఉప్పు చాలలేదనో, ఆవపిండి పాతదనో చెప్పేసేదట. రెండేళ్ళ కిందట వచ్చిన జ్వరం తగ్గింది గానీ పోతూ పోతూ వాసనను వెంట తీసుకుపోయింది. నాలుక పనిచేస్తోంది, ముక్కు మాత్రం మొండికేసింది. ఈ సంగతి ఇంట్లో ప్రమీలకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంకో మూడు వారాల్లో మామిడికాయలు దిగుతాయి. ఈలోగా ముక్కు రాకపోతే ఈ ఏడు ఆవకాయ పెట్టననీ, అంగడి బోర్డు దింపేస్తాననీ ఆమె తేల్చి చెప్పేసింది. ఇదంతా నేను బస్సులో, ఆమె గుండె మీద కూర్చుని, అత్తాకోడళ్ళు గుసగుసలాడుకుంటుంటే విన్నాను.

ఇక ప్రమీల ఈ యాత్రకు ఎందుకు తీసుకొచ్చిందంటారా? రోజూ రకరకాల వాసనలు పట్టి పట్టి చూడమని డాక్టరు చెప్పాడు. యాత్రల కంపెనీ కాగితం మీద "వాసనలు గుర్తుపట్టడం నేర్పబడును" అని ఉంది. అంతే, రెండు టిక్కెట్లు కొనేసింది. ద్రాక్షతోట అని చెప్పింది గానీ అక్కడ పోసేది సారాకు అక్క వరసని మాత్రం అత్తకు చెప్పలేదు.

దారి పొడవునా ఆ పిల్ల ఊరుకుంటేనా! నారింజ తొక్క నలిపి అత్త ముక్కు కింద పెట్టింది. "తెలస్తా ఉందా?" "లే." కొండ కింద గుళ్ళో హారతి కర్పూరం, దవనం, నేతి పొంగలి. "ఇప్పుడు?" "లేదన్నా కదా." ప్రతిసారీ ఆ 'లే' బయటికి రాకముందు ఆమె గుండె ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కొట్టుకోవడం నాకు తెలిసేది. ఎంత ఆశ పెట్టుకుందో మనిషి! పైకి మాత్రం విసుక్కునేది.

తోట దగ్గర బస్సు ఆగింది. నేను ఎన్ని వేల గుక్కలు మోశానో, కానీ అవి ఎక్కడి నుంచి వస్తాయో చూడటం అదే మొదలు. కొండ వాలు మీద వరసలు వరసలుగా తీగలు. చేతులు చాచి ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు తీగ మీద తీగ. కింద నల్లటి గుత్తులు, పొడి అద్దినట్టు బూడిద రంగు తొడుక్కుని. ఎండ వాటి మీదుగా జారుతోంది. ఇంత నేల, ఇంత ఎండ, ఇంతమంది ఆడవాళ్ళ చేతులు, చేతుల్లో కత్తెరలు, అన్నీ కలిసి చివరికి నాలో రెండు గుక్కలవుతాయా? నేను గాజుని గనక సరిపోయింది, కన్నున్నదాన్నయితే నీళ్ళు తిరిగేవి.

గుత్తులు కోస్తున్న ఆడవాళ్ళు తెలుగులో మాట్లాడుకుంటున్నారు. రెడ్డెమ్మ ఒక పండు తుంచి నోట్లో వేసుకుంది. "ఇంత చిన్నదా? గింజే ఉంది," అంది. కోసే ఆమె నవ్వి, "తినేదానికి కాదక్కా, పిండేదానికి," అంది. అప్పటికి విషయం రెడ్డెమ్మకు అర్థమైంది. కోడలి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు నేనే చిట్లిపోతాననుకున్నాను.

"తాగక్కర్లేదు అత్తా. ఊరికే వాసన చూస్తే చాలు. నీ కోసమే కదా," అంది ప్రమీల నేల చూపులు చూస్తూ. రెడ్డెమ్మ నోట్లోని గింజ ఉమ్మేసింది. ముందుకు నడిచింది.

తరవాత భూమి లోపలికి మెట్లు దిగాం. చల్లటి గది, మసక వెలుతురు, చెక్క పీపాలు దొంతరలుగా. అంతసేపూ వాగుతున్న జనం అక్కడ తమంతట తామే నోరు మూసుకున్నారు. వైను తయారుచేసే ఆవిడ ఒక పీపా మీద చెయ్యి వేసి, ఇది పద్దెనిమిది నెలలుగా ఇలాగే ఉందనీ, ఇంకా ఎంతకాలం ఉండాలో వైనే చెబుతుందనీ అంది. గిరీశ తెలుగులో చెప్పాడు. రెడ్డెమ్మ ఆ మాటకు తల ఊపింది.

"మన జాడీల గది మాదిరే ఉండాది ప్రమీలా," అంది నెమ్మదిగా. "పెట్టేది మనం. అయ్యేది దానంతటదే అవుతాది." మొదటిసారి ఆ చేతులు నన్ను సంచీలోంచి తీసి, అడుగు పట్టుకుని, జాగ్రత్తగా బల్ల మీద నిలబెట్టాయి. పాత్రను ఎలా పట్టుకోవాలో తెలిసిన చేతులు అవి.

ఇక రుచి చూడటం మొదలైంది. బల్ల చివర సత్యమూర్తిగారని, పదవీ విరమణ చేసిన ఇంజనీరు కూర్చున్నాడు. వైను గురించి పుస్తకాలు చదివాడట. మొదట తెల్ల వైను పోశారు. అందరూ ముక్కులు గ్లాసుల్లో దించారు. రెడ్డెమ్మ మాత్రం నా మీద చెయ్యి విసిరి, దూరం నుంచే గాలి పీల్చింది.

"ముక్కు లోపల పెట్టాలమ్మా," అన్నాడు గిరీశ.

"మేము అట్ల చెయ్యం నాయనా. ఊపిరి తగిలితే సరుకు చెడిపోతాది. ఇరవై ఆరేండ్లుగా ఒక జాడీ మీదికి వంగలేదు నేను."

"ఇది మీ ఒక్కరికే పోసింది అమ్మా. ఇంకెవరూ ముట్టరు. చెడినా ఏమీ కాదు."

ఆమె నన్ను దగ్గరికి లాక్కుని, మళ్ళీ దూరం జరిపింది. ఇరవై ఆరేళ్ళ నియమం మరి. చివరికి కళ్ళు మూసుకుని ముఖం వంచి, నా లోపలికి ముక్కు దించింది. ముసలాయన ఊపిరి తరవాత ఇంత దగ్గరగా నాలోకి వచ్చిన ఊపిరి అదే. పీల్చింది. వదిలింది. తల పైకెత్తి, "లే," అంది. రెండోదీ అంతే. మామిడి, జామ అంటూ సత్యమూర్తిగారు పళ్ళ బండి పెడుతున్నాడు. రెడ్డెమ్మ తన వాటా బల్ల మీది బకెట్లో మెల్లిగా ఒంపేసింది. ప్రమీల కళ్ళు తుడుచుకుని పీపాల వైపు తిరిగింది.

మూడోది ఎర్ర వైను. ఏడేళ్ళ నాటిదట, బిరడా పెట్టి దాచినదట. గిరీశ సీసాను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని అందరికీ కాస్త కాస్త పోశాడు. సత్యమూర్తిగారు పీల్చి కళ్ళు అరమోడ్చాడు. "నేరేడుపండు. చాక్లెట్టు. ఆహా, గంధపు చెక్క కూడా!" ఆ మాట చెవిన పడగానే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ గంధం తగిలింది. తలలు ఊగాయి.

రెడ్డెమ్మ ముక్కు దించింది. ఈసారి తియ్యలేదు. ఒకసారి పీల్చింది. ఆగింది. ఇంకోసారి పీల్చింది. ఆమె తల ఎత్తి కోడలి మణికట్టు పట్టుకుంది.

"ప్రమీలా. ఇది తడిసిన గోనెసంచి."

ఎవరో కిసుక్కుమన్నారు. సత్యమూర్తిగారు మర్యాదగా నవ్వాడు. "అమ్మా, ఇది ఏడేళ్ళు దాచిన వైను."

"ఎన్నేండ్లదైనా కానీ సామీ. మిరపకాయల మూట వానకు తడిసి, ఎండకు పెట్టకుండా మూల పడేస్తే వచ్చే వాసన ఇది. దీన్ని నేను మరిచిపోతానా?"

వైను తయారుచేసే ఆవిడ గబగబా వచ్చింది. నన్ను అందుకుని వాసన చూసింది. ముఖం మాడింది. సీసా బిరడా తీసుకుని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. బిరడాకు బూజు పట్టిందనీ, సీసా మొత్తం పాడైందనీ, ఈ పెద్దామె చెప్పింది అక్షరాలా నిజమనీ అందరి ముందూ ఒప్పుకుంది. రెడ్డెమ్మకు చేతులు జోడించింది. అప్పుడు చూడాలి మనుషుల్ని! నాకూ మొదటే అనుమానం వచ్చిందని ఒకరు, ఏదో తేడాగానే ఉందని మరొకరు. గంధం ఎటు పోయిందో ఎవరూ అడగలేదు. సత్యమూర్తిగారు కళ్ళజోడు తుడుచుకోవడంలో మునిగిపోయాడు.

రెడ్డెమ్మకు ఇవేవీ పట్టలేదు. నన్ను రెండు చేతులతో గుండెకు హత్తుకుని, పీట మీద కూలబడి, చిన్నపిల్లలా ఏడ్చేసింది. "వాసన ఉండాది ప్రమీలా! ఉండాది! పాడు వాసనే తల్లీ, ఎంత బాగుందో!" బూజు వాసన కోసం ఇంత సంతోషించిన మనిషిని ఆ గది ఎన్నడూ చూసి ఉండదు. నేనూ చూడలేదు. ఆమె కన్నీటి బొట్లు రెండు నాలో పడ్డాయి.

కొత్త సీసా తెరిచి ఆమెకు ముందు పోశారు. పీల్చింది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. "దీంట్లో ఏమీ తెలీలేదు," అంది. గిరీశ ముఖం వాడిపోయింది. ఆమె మాత్రం నవ్వింది. కిందటేడు తడిసిన మిరపకాయలు తెలియక ఆడించేసి, ముప్పై జాడీల ఆవకాయ గుంట తీసి పూడ్చిన సంగతి అప్పుడు చెప్పింది. జాడీలు పూడ్చిన రోజు అన్నం ముట్టలేదట. "మంచి వాసన రాకపోతే పోనీ నాయనా. చెడ్డది తెలిస్తే నా పని నాకు ఉంటాది."

సాయంత్రం బస్సు దిగేటప్పుడు ఆమె మెడలోంచి నన్ను తియ్యలేదు. అలాగే అంగడికి తీసుకుపోయింది.

ఇప్పుడు నా నివాసం ఊరగాయల వంటిల్లు. ఒక చుక్క వైను ఎరగను. నా అంచు ఒకచోట కాస్త పెచ్చు లేచింది. ఏ హోటలువాడు చూసినా చెత్తబుట్టలో పడేస్తాడు. ఇక్కడ మాత్రం నేను పూజ గూటి పక్కన ఉంటాను. మిరపకాయల మూట వచ్చినప్పుడల్లా గుప్పెడు కాయలు తుంచి నాలో వేస్తారు. రెడ్డెమ్మ ముక్కు దించుతుంది. సరే అంటే మూట లోపలికి, కాదంటే వచ్చిన బండిలోనే వెనక్కి. ఇంత పొట్ట నాకెందుకు పెట్టారోనని ఒకప్పుడు వెక్కిరించుకున్నాను. ఇప్పుడు ఆ మాట అనను.

ఏప్రిల్ మూడో వారంలో కాయలు దిగాయి. కడిగి, తుడిచి, ముక్కలు కొట్టడం అయింది. ఆవపిండి, ఉప్పు, నూనె సిద్ధం. ఐదుగురు ఆడవాళ్ళు పెద్ద బేసిన్ల ముందు కూర్చున్నారు. కొత్తగా ఆడించిన కారం రెండు చెంచాలు నాలో వేసి ప్రమీల అత్తకు అందించింది.

రెడ్డెమ్మ ముక్కు దించింది. ఎప్పుడూ ఒక్క పీల్పుతో తేల్చేసే మనిషి ఈసారి కదల్లేదు. రెండు పీల్పులు, మూడు. కలపడానికి సిద్ధంగా ఉన్న చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ప్రమీల ముఖంలో నెత్తురు లేదు.

"ఏం అత్తా? బూజు వాసనా?"

రెడ్డెమ్మ తల ఎత్తింది. ముక్కు కొన ఎర్రగా అయింది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. వరసగా నాలుగు తుమ్ములు తుమ్మింది.

"కాదే," అంది. "మిరపకాయ. మిరపకాయ వాసన."

తరవాత కొంగుతో ముఖం తుడుచుకుని, నోరు తెరిచి చూస్తున్న ఆడవాళ్ళ వైపు తిరిగింది.

"ఏమి సూస్తా ఉండారు? కలపండి!"