బోర్డు మీద ఇంటిపేరు

దుకాణం తెరుస్తున్నామని ఇత్తడి బిందెలు చింతపండుతో తోముతున్నాను. పెద్ద బిందె మీద మా ఆయన తాతగారి పేరు "సామల రాజయ్య" అని చుక్కలుగా కొట్టి ఉంటుంది. మామయ్య కొన్న చిన్న బిందె మీద మాత్రం "శ్యామల". గద్వాలకు కోడలిగా వచ్చినప్పటి నుంచి, పేరు కొట్టినవాడికి చదువు రాదేమో అనుకుంటూ తోమేదాన్ని. అడిగే ధైర్యమెక్కడిది? ఈ ఇంట్లో ఇంటిపేరంటే అంత భయం పెట్టారు. గట్టిగా నవ్వితే "శ్యామలోళ్ల కోడలు గిట్లనే నవ్వుతదా?" పుట్టింట్లో ఇంకో పూట ఉంటే "మా ఇంటిపేరు ఖరాబ్ చేస్తవా ఏంది?" ఇంటి చాకిరీ అయ్యాక మగ్గానికి కండెలు చుట్టాలి. అది తెమిలాక ఊళ్లోవాళ్ల చీరలకు కుచ్చులు కట్టాలి. ఆ కుచ్చుల పనికే ఇప్పుడు వీధిలో చిన్న గది తీసుకున్నాను. నాదంటూ ఉన్నది అదొక్కటే.

బోర్డులు రాసే జంగయ్య రంగుడబ్బాలతో వచ్చాడు. మా ఆయన శివకుమార్ నన్నొక మాటైనా అడగలేదు.

"శ్యామల శారీస్ అని రాయి. ఇంగ్లీషుల ఒక 'ఎ' ఎక్కువ పెట్టు. టీవీల సంఖ్యాశాస్త్రమాయన చెప్పిండు, గట్లయితే కలిసొస్తదంట."

ఇది కూడా వాళ్లదే అయిపోతోంది.

అరుగు మీద కుచ్చులు కడుతున్న మా అత్తమ్మ విజయమ్మ పకపకా నవ్వింది. "మీ తాత సామలాయనే గదరా! బడిల పోరగాండ్లు 'వరి బువ్వ దొరకక సామల బువ్వ తినేటోడు' అని ఎక్కిరిస్తే మీ నాయిన ఏడ్చుకుంట ఇంటికొచ్చిండంట. సారు పాపమని శ్యామల అని రాసిండు. ఇప్పుడు నువ్వింకోటి అతికిస్తున్నవు."

అంతేనా! ఇన్నేళ్లు నేను భయపడి నవ్వు దాచుకున్నది, ఒక పిల్లవాడి ఏడుపు మాన్పడానికి ఓ సారు మార్చిన పేరుకా? కోపం రావాలి. రాలేదు. నెత్తిమీది మూట దించినంత హాయిగా అనిపించింది. గట్టిగానే నవ్వాను.

"జంగన్నా, ఇంటిపేరొద్దు. నా పేరు ఉమ అని రాయి, చాలు."

"జనం ఏమనుకుంటరు?" అన్నాడు మా ఆయన.

"కుచ్చులు ఎవరు కడుతున్నరో తెలుసుకుంటరు."

అత్తమ్మ చేతిలోని దారం పక్కన పెట్టి లేచింది. బోర్డు దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"జంగయ్యా, పక్కన జర జాగ ఉందా? విజయమ్మ అని గూడ రాయి. ఈ ఇంటికొచ్చినప్పటి సంది నా పేరు ఏడ రాసింది లేదు."