తెల్లగా వచ్చిన నలభై గళ్లు

మా అత్తగారు ఆసుపత్రి వంటగదికి పెద్ద. పోయిన వారం ఉప్పు తినకూడని రోగికి ఉప్పు వేసిన పళ్లెం వెళ్లింది. ఇంకొక్క పళ్లెం తప్పినా వంటగదిని కాంట్రాక్టుకి ఇచ్చేస్తామని సూపరింటెండెంటు తేల్చి చెప్పాడు. ఇవాళ మధ్యాహ్నం తనే వచ్చి చూస్తానన్నాడు.

అందుకే, కోడలికి కంప్యూటరు పని వచ్చని, ఆవిడ నన్ను పట్టుకున్నారు. నలభై మంచాలకీ నలభై గళ్లు పెట్టి వెబ్ పేజీ చేశాను. ఉప్పు లేనిది నీలం, చక్కెర లేనిది పసుపు, మెత్తటిది ఎరుపు, మామూలుది తెలుపు. తెరమీద ముచ్చటగా ఉంది. కానీ వడ్డించేవాళ్ల చేతులు ఎప్పుడూ తడే. గరిటె చేతిలో ఉండగానే తలెత్తి గోడమీద రంగు చూసుకుంటారు. కాబట్టి గోడకి అంటించే కాగితం కావాలి.

ప్రింటు తీస్తే మూడు కాగితాలొచ్చాయి. అన్ని గళ్లూ తెలుపే. అంటే అందరికీ ఉప్పే, అందరికీ చక్కెరే.

"ఇదేంటే, నా కొంప ముంచేట్టున్నావు," అన్నారు అత్తగారు.

ఆఫీసు గుమాస్తా నవ్వాడు. "తెరమీద ఉన్నట్టు కాగితం మీద రాదమ్మా. తెరని ఫోటో తీసి ప్రింటు కొట్టుకోండి."

కొట్టాం. మంచాల అంకెలు మసకబారి, మూడో ఎనిమిదో తెలియలేదు. నాకు ఒళ్లు మండింది. రాదు, కాదు అనేవాళ్లంటే నాకు మొదట్నించీ పడదు.

పదకొండయింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చూస్తే సగం తప్పు నాదే. ఇరుకు తెర కనబడితే గళ్లను ఒకదాని కింద ఒకటి పేర్చమని పేజీకి చెప్పింది నేనే. అది కాగితాన్ని చూసి ఫోననుకుంది! మిగతా సగం బ్రౌజరుది. ఇంకు ఆదా అని రంగులు ఎగ్గొట్టింది. ప్రింటు కోసం విడిగా మూడు లైన్ల కోడు రాశాను: కాగితం అడ్డంగా, వరుసకి ఎనిమిది గళ్లు, ఏ రంగూ వదలొద్దు.

ఈసారి ఒకే కాగితం వచ్చింది. తెర పక్కన పెట్టి గడి గడీ పోల్చాను. అచ్చు గుద్దినట్టు అదే. గుమాస్తా వచ్చి చూసి, మసకబారిన ఫోటో కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని తన బల్ల దగ్గరికి పోయాడు. ఆ నడక చూడ్డానికి నాకు రెండు కళ్లూ చాల్లేదు.

కాగితాన్ని గోడకి అంటించాం, దాన్ని చూసే వడ్డించారు. మధ్యాహ్నం సూపరింటెండెంటు ఒక్కో పళ్లెం మూత తీసి, ఎవరికేం పెట్టాలో రాసుకున్న తన చీటీతో సరిచూశాడు. అత్తగారు గరిటె పట్టుకుని వెనకే నడిచారు. నలభయ్యోదీ అయింది. ఒక్కటీ తప్పలేదు.

"వంటగది మీకే ఉంటుంది," అని వెళ్లిపోయాడు.

నాకు గంతులేయాలనిపించింది. అత్తగారు స్టూలు మీద కూలబడ్డారు.

"పొద్దుట్నించీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదే. నాకూ ఓ పళ్లెం పెట్టు. ఉప్పు వేసింది."