తొమ్మిది దిమ్మెలు

కోదాడ నుంచి మిర్యాలగూడకు కాపురానికి వచ్చి ఇరవై మూడు రోజులు. కొత్త మెట్టెలు అంగన్‌వాడీ బండల మీద టిక్కుటిక్కుమంటుంటే నాకే నవ్వొస్తోంది.

పిల్లల ఎదుగుదల పరీక్షించడం నా ఉద్యోగం. ఆ రోజు నా ఎదుట నాలుగేళ్ల నీలా. పక్కన ఆమె తండ్రి మంగ్త్యా. మిల్లులో హమాలీ. పని మధ్యలో పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, భుజాల నిండా తవుడు.

తొమ్మిది చెక్క దిమ్మెలను ఒకదాని మీద ఒకటి నిలబెట్టాలి. నేను పెట్టి చూపించాను. నీలా గబగబా వచ్చి కూల్చేసింది. మళ్లీ పెట్టాను, మళ్లీ కూల్చింది. మూడోసారి నా చెయ్యే పట్టుకుని ఆపేసింది.

పొద్దున పెన్సిల్ ముట్టనందుకు నా పరీక్ష కాగితంలో ఒక 'లేదు' అప్పటికే పడింది. రెండోది పడితే పెద్ద దవాఖానకు పంపాలి.

"జర ఆగుండ్రి మేడం," అన్నాడు మంగ్త్యా. "దవాఖానకు పోతే మా తండాల ఎదగని పిల్ల అంటరు. ఆ పేరు పడ్డదంటే పోతదా?"

"రాసెయ్యుండ్రి," అంది టీచర్ మణెమ్మ. "బయట ఇంక పదకొండు మంది ఉన్నరు. కొత్త పెండ్లికూతురు, మీకు ఇల్లు యాదికొస్తలేదా?"

సిగ్గుతో చెవులు వేడెక్కాయి గానీ పెన్ను కదల్లేదు. జాలిపడి 'అవును' రాస్తే, సాయం కావలసిన పిల్లను నేనే వదిలేసినట్టు. కానీ చేతగాని పిల్ల నా చెయ్యెందుకు పట్టుకుంటుంది?

"ఎందుకు పడగొట్టావు నీలా?"

నీలా తండ్రి చెవిలో లంబాడీలో గుసగుసలాడింది. మంగ్త్యా పగలబడి నవ్వాడు.

"గట్ల పెడితే మీ కాళ్ల మీద పడ్తదంట మేడం! వాళ్లమ్మతోని నాకు బువ్వ తెచ్చినప్పుడల్లా మిల్లుల బస్తాలు పేర్చుడు సూస్తది."

"అయితే పడకుండా ఎలా పెట్టాలో నువ్వే చూపించు."

గోడకు ఆనించి కింద నాలుగు, వాటి సందుల మీద మూడు, ఆపైన రెండు. నీలా తోసి చూసింది. మణెమ్మ కూడా తోసి చూసింది. కదల్లేదు.

'అవును' అని రాసి, ఎలా పేర్చిందో పక్కన బొమ్మ వేశాను. "పెన్సిల్ సంగతి పది రోజులకు మళ్లీ వచ్చి చూస్తాను," అన్నాను. మంగ్త్యా గట్టిగా ఊపిరి వదిలాడు.

దిమ్మెలు తీయబోతే నీలా అడ్డం నిలబడింది.

"బస్తాలకు లారీ రావాలె."

ఇక తప్పుతుందా? అందరూ చూస్తుండగా చీర కుచ్చిళ్లు పట్టుకుని, పీప్ పీప్ అంటూ వెనక్కి వెనక్కి నడిచాను.

"రానీ, రానీ... బస్!" అంది నీలా.