పాటలో ఊపిరి చోటు

లాండ్రీ గేటు ఇంకా దాటకముందే పిట్టకు తన గొంతు తనకే వినిపించింది. మడత షెడ్డు కప్పు కింద వేలాడుతున్న లౌడ్ స్పీకరు ఊరంతా వినేలా అరుస్తోంది.

కొస పట్టవే అక్కా, కొస పట్టవే,
తెల్లారినంత తెల్లగా దులపవే.

మొదటి ఆల్బమ్, మొదటి పాట. బక్కపలచగా ఉంటుందని షెడ్డు ఆడవాళ్ళు పెట్టిన పేరు పిట్ట. ఆ పేరే అట్ట మీద కూడా వేయించుకుంది. సీడీ అక్క చేతిలో పెట్టి ఆమె మొహం చూడాలని పరుగున వచ్చింది. పెళ్ళినాటి మెరుపు ఇంకా పోని గాజులు గలగలమంటున్నాయి.

గుమ్మంలోనే ఆగిపోయింది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు గుట్టలుగా పడి ఉన్నాయి. ఇద్దరిద్దరు ఆడవాళ్ళు చెరో కొస పట్టుకుని లాగుతున్నారు, దులుపుతున్నారు, మడుస్తున్నారు. ఒక్కరు కూడా తలెత్తలేదు. అక్క దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలరు దగ్గర నిలబడి దుప్పటి అంచు లోపలికి అందిస్తోంది. పాట తోసుకుపోతోంది. అక్క చెయ్యి పాట కంటే ఒక్క క్షణం వెనకబడింది.

కేక వినిపించింది. వేళ్ళు రోలరుకు తగిలాయి.

"నీళ్ళు పోసుకుని రా పో!" మేస్త్రీ అరిచాడు. రోలరు ఆపలేదు. "మిగతావాళ్ళు చూపులు చాలించండి. పాట పోతోంది!"

కుళాయి కింద అక్క చెయ్యి ఎర్రగా పొంగుతోంది.

"చూడనీ అక్కా."

"చూసి ఏం చేస్తావు? ఇంకో పాట కడతావా?" అక్క చెయ్యి లాక్కుంది. "ఊపిరి చోటు ఏమైందే?"

పిట్ట సీడీని వెనక్కి దాచుకుంది.

ఆ పాట ఏ ఒక్కరిదీ కాదు. మడతపెట్టే ఆడవాళ్ళందరిదీ. పిట్ట కూడా ఆ షెడ్డులోనే పాడుకుంటూ పెరిగింది. రెండు చరణాలు పాడేలోపు దుప్పటి మడత అయిపోవాలి. తర్వాత పాట ఆగుతుంది. చేతులు కిందికి వదిలేసి, భుజాలు సడలించి, నిండుగా ఊపిరి తీసుకుంటారు. అదే ఊపిరి చోటు. అందరికీ తీరాకే ఎవరో ఒకరు మళ్ళీ ఎత్తుకుంటారు.

స్టూడియోలో రికార్డు కంపెనీ ఆయన అక్కడే పెదవి విరిచాడు. "ఖాళీగా ఉందమ్మా. జనం పాట మార్చేస్తారు." ఆ ఖాళీలో గిటారు పెట్టారు. డ్రమ్ములు వాయించే పిట్ట మొగుడు, కొత్త పెళ్ళికొడుకు, తన సంబరమంతా అక్కడే కుమ్మరించాడు. విని ఇద్దరూ చిన్నపిల్లల్లా గెంతారు. పాటకు ఊపిరాడే చోటే లేకుండా పోయిందని ఇద్దరికీ తట్టలేదు.

లాండ్రీ నడిపే కాంట్రాక్టరుకు మాత్రం వెంటనే తట్టింది. చేతులు ఆగనివ్వని పాట! ఆల్బమ్ బయటికొచ్చిన మర్నాడే లౌడ్ స్పీకరు కట్టించాడు.

పిట్ట తిన్నగా కంపెనీకి వెళ్ళింది.

"ఆ పాట అక్కడ వేయొద్దని చెప్పండి."

"ఎందుకమ్మా? తన షెడ్లన్నిటిలో వేయిస్తున్నారాయన. మొదటి ఆల్బమ్‌కే ఇంత అదృష్టం ఎవరికి పడుతుంది?"

"అది వాళ్ళ పాట."

"వాళ్ళ దగ్గర విన్నావు. మాకు అమ్మావు." నవ్వాడు. "కావాలంటే రెండో ఆల్బమ్‌లో మెల్లగా పాడుకో."

బయట స్కూటరు మీద మొగుడు ఎదురుచూస్తున్నాడు. "ఏమన్నాడు?"

"గోడకున్న మర్యాద కూడా లేదు వాడికి. గోడ కనీసం నవ్వదు."

ఆ సాయంత్రం వాళ్ళ ఒంటి గది షెడ్డు ఆడవాళ్ళతో కిక్కిరిసిపోయింది. పెళ్ళికి వచ్చిన కొత్త కప్పులు చాలక మనిషికో గుక్క చొప్పున టీ చేతులు మారుతోంది. అందరిలోకీ పెద్దది ఇస్త్రీ పిన్ని. గది నాలుగు మూలలా చూసింది.

"కొత్త కాపురం కదే, మంచమేదీ? మేమొస్తున్నామని దాచేశారా?"

అంతా గొల్లుమన్నారు. డ్రమ్ములబ్బాయి టీ గిన్నె కడిగే నెపంతో బయటికి జారుకున్నాడు. నవ్వు అయిపోగానే గొడవ మొదలైంది.

"తీగ కోసేద్దాం."

"పొద్దున్నే కొత్తది వేస్తాడు. నిన్ను గేటు బయట నిలబెడతాడు."

"కోర్టుకెళ్దాం."

"తీర్పు వచ్చేసరికి నీ మనవరాలు దుప్పట్లు మడుస్తూ ఉంటుంది."

"నేను మళ్ళీ పాడతాను," అంది పిట్ట. "ఊపిరి చోటుతో."

"వాడు వేస్తాడా దాన్ని?" కట్టు కట్టిన చెయ్యి ఎత్తి అక్క గయ్యిమంది. "నువ్వింకా పాట గురించే ఏడుస్తున్నావు. మేము చేతుల గురించి మాట్లాడుతున్నాం!"

పిన్ని నెమ్మదిగా అంది: "చోటు పాటలోంచి తీశారు. మన ఒంట్లోంచి తీశారా? ఎక్కడ ఆగాలో మనకు తెలియదా? ఆగుదాం."

"గిటారు మోగుతుంటేనా?"

"మోగనీ. దానికేమైనా చేతులున్నాయా దుప్పటి మడవడానికి? కానీ అందరం ఆగాలి. ఒక్కదాని చేతులు ఆడినా మిగతావాళ్ళ పని ఖాళీ." పిట్ట వైపు తిరిగింది. "నువ్వూ రా. పాడటానికి కాదు. మీ అక్క బదులు కొస పట్టడానికి."

మర్నాడు మేస్త్రీ వెటకారంగా వంగి దండం పెట్టాడు. "ఓహో, గాయని గారు! రండి, మీ పాటకే మడుద్దురుగాని."

పాట మొదలైంది. ఒక చరణం, రెండో చరణం. చోటు వచ్చింది. పిన్ని ఆగింది. పక్కామె ఆగింది. డ్రమ్ములు దబదబమన్నాయి, పిట్ట చేతులు వాటంతటవే లేచాయి. ఆమెను చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి ఇంకొందరు. అంతా చెడిపోయింది.

"చేతులు!" మేస్త్రీ పిన్ని చెవిలో అరిచాడు.

పిన్ని పిట్టను చూసింది, అంతే. పిట్టకు తన మీదే కోపం వచ్చింది. తన పాటే, తన మొగుడి వాయింపే, తన చేతుల్నే మాట విననివ్వడం లేదు!

పాట మళ్ళీ చుట్టు తిరిగి వచ్చింది. పిట్ట పళ్ళు బిగబట్టి దుప్పటి వదిలేసింది. తెల్లగా నేల మీద పడింది అది. వరస చివరిదాకా చేతులన్నీ దిగిపోయాయి. గిటారు ఒంటరిగా గింజుకుంది. తీరిగ్గా ఊపిరి తీసుకున్నాక పిన్ని ఎత్తుకుంది, పాత నడకలో. షెడ్డంతా అందుకుంది. మేస్త్రీ స్పీకరు పెంచేకొద్దీ వాళ్ళూ గొంతు పెంచారు. ఇప్పుడు వాళ్ళ గొంతుల్లో మునిగి ముక్కలవుతున్నది స్పీకరు పాటే.

కాంట్రాక్టరు వచ్చాడు. వెనకే పోలీసులు వచ్చారు.

"ఎవరు మొదలుపెట్టారు?"

జవాబు పాటే.

"ఆపండి!" ఇన్‌స్పెక్టరు లాఠీతో బల్ల బాదాడు.

సరిగ్గా చోటు దగ్గరే ఉన్నారు. ఆగారు. ఒక పోలీసు స్పీకరు తీగ కూడా పీకేశాడు.

"ఊఁ, ఇక పని చేయండి."

ఎవరూ కదల్లేదు.

"వినపడటం లేదా?"

"ఊపిరి తీసుకుంటున్నాం సార్," అంది పిన్ని.

"ఎంతసేపు?"

"చాలా రోజుల బాకీ ఉంది."

నవ్వు వరసంతా పాకింది. కాంట్రాక్టరు పిట్ట వైపు వేలు చూపించాడు. పోలీసులు ఆమె రెక్క పట్టుకుని లాక్కుపోతుంటే ఒక గాజు చిట్లింది. గేటు దగ్గర మొగుడు వ్యానుకు అడ్డంగా స్కూటరు పెట్టాడు.

"నువ్వు లోపలికి పో," అంది పిట్ట. "కొస పట్టడానికి మనిషి తక్కువయ్యింది."

వాడు స్కూటరు అక్కడే వదిలేసి షెడ్డులోకి పరిగెత్తాడు.

వ్యానులో కుర్ర కానిస్టేబులు ఉండబట్టలేక అడిగాడు. "అంత గొడవ అయ్యేలా ఏం పాడావమ్మా?"

"పాడినందుకు కాదు. ఆగినందుకు."

అప్పుడు విన్నారిద్దరూ. ఉతుకుడు షెడ్డులో రాత్రింబవళ్ళు తిరిగే పెద్ద డ్రమ్ముల రొద ఆగిపోయింది. తర్వాత ఆరబెట్టే షెడ్డు. ఆ తర్వాత బాయిలరు. స్కూటరు పక్కకు తోస్తున్న పోలీసులు కూడా తలలు తిప్పి చూశారు.

ఆల్బమ్‌లో ఎక్కడా దొరకని ఆ ఖాళీ గోడ దాటి వీధిలోకి వచ్చింది. పిట్ట భుజాలు వదులు చేసుకుని నిండుగా ఊపిరి తీసుకుంది. లోపల ఇంకా ఎవరూ ఎత్తుకోలేదు.